ఎండను కాదు, మేతను చూడండి

కిందటి ఎండాకాలం నల్లమల అంచున ఉన్న ఒక ఊరికి వెళ్లాను. వేరుశనగ విత్తనకాయల సంగతి రాసుకుందామని పోయినవాణ్ణి, ఒక ఇంటి ముందు పదిమంది గుమిగూడి ఉంటే ఆగాను. చింతచెట్టు కింద నలుపు తెలుపు మచ్చల సీమావు నిలబడి ఉంది. నిలబడి ఉంది అనుకోవడమే గాని, తల వేలాడేసి, కళ్లు సగం మూసుకుని ఉంది. మీద ఈగలు ముసురుతున్నా తోక ఆడించడం లేదు.

దగ్గరికి పోయి చూశాను. తెల్లమచ్చ ఉన్నచోటల్లా తోలు ఎండిన అట్టలా లేచి వస్తోంది. కింద పచ్చి పుండు. నల్లమచ్చ ఉన్నచోట మాత్రం ఏమీ లేదు. తెలుపు ఎక్కడ ఆగిందో పుండూ అక్కడే ఆగింది, సున్నంతో గీత గీసినట్టు. పొదుగు మీద చర్మం పగిలి రసి కారుతోంది. పొదుపు సంఘం అప్పుతో కొన్న ఆవు. రెండో ఈత. ఇంకా సగం వాయిదాలు కట్టాలి.

"ఏం చేద్దాం సార్, ఈ ఎండలకు మనుషులే మాడిపోతుంటే ఈ సీమ సరుకు ఏం తట్టుకుంటుంది?" అన్నాడు ఆ రైతు. వాళ్లమ్మ వేపమండలు పట్టుకుని, "అమ్మవారు పోసింది నాయనా" అంది. పక్కనున్న కుర్రవాడు, "లంపీ అన్నా ఇది, టీవీలో చూపించినారు" అన్నాడు. మందుల షాపులో ఇచ్చిన పూతమందు అప్పటికి మూడు రోజులుగా రాస్తున్నారు. నేనూ తలూపి, నీడన కట్టమని చెప్పి, నా పని చూసుకుని వచ్చేశాను. అది ఏం మేసింది అని ఆ పదిమందిలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆవు పదకొండో రోజున చనిపోయింది. ఆ తర్వాత వచ్చిన పశువుల డాక్టరుగారు ఊరివాళ్లను వెంటబెట్టుకుని కొండ కిందకు పోయారు. అక్కడ ముళ్లకంప పొదలకు కొమ్మలు మిగిలాయి, ఆకు లేదు. "ఇదిగో, మీ ఆవును కాల్చిన ఎండ ఇది" అన్నారట. ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. అదే మందలో తోలిన ఎదురింటి బర్రె నాలుగు రోజుల ముందే చచ్చిపోయింది. దాని ఒంటి మీద ఒక్క పుండు లేదు. పాము కరిచిందనుకుని పూడ్చేశారు.

ఈ సంగతి రాయడానికి నాకు ఇంకో కారణం ఉంది. కొన్నేళ్ల కిందట ఇదే పేజీలో ఒక రైతు ఇలాంటి ప్రశ్నే అడిగితే, "ఎండ తగలకుండా చూడండి, కొబ్బరినూనె రాయండి" అని నేనే జవాబు రాశాను. అందులో తప్పు మాట లేదు గాని, అసలు మాట కూడా లేదు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాను.

కడుపులో పుట్టి తోలు మీద తేలుతుంది

ఆ ముళ్లకంప పేరు లాంటానా. కొందరు తలంబ్రాల చెట్టు అంటారు, కొందరు పులికంప అంటారు. ఊరికో పేరు ఉంది. గరుకు ఆకు, నలిపితే ఘాటు వాసన, కొమ్మలకు చిన్న ముళ్లు, పసుపూ గులాబీ ఎరుపూ కలిసిన పూల గుత్తులు, పండితే నల్లటి చిన్న కాయలు. ఇది మన చెట్టు కాదు. అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి పూల అందం కోసం తెచ్చి తోటల్లో పెట్టారు. పిట్టలు పళ్లు తిని విత్తనాన్ని కొండలకూ బీళ్లకూ చేర్చాయి. ఇప్పుడు గడ్డి మొలవాల్సిన చోటల్లా అదే ఉంది.

దీని ఆకులో లాంటాడీన్లు అనే విషాలు ఉంటాయి. అవి నేరుగా తోలును కాల్చవు. కాలేయాన్ని పట్టుకుంటాయి. అక్కడి నుంచి జరిగే పని రైతులు తెలుసుకోవాలి.

పచ్చమేతలో పత్రహరితం ఉంటుంది. ఆకుకు పచ్చదనం ఇచ్చేది అదే. పశువు పెద్దపొట్టలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టినప్పుడు ఫిల్లోఎరిత్రిన్ అనే పదార్థం తయారవుతుంది. రోజూ ప్రతి పశువులోనూ తయారవుతుంది. కాలేయం దాన్ని పట్టి పైత్యరసంతో పేగుల్లోకి తోసేస్తుంది, పేడతో పోతుంది. కాలేయం బాగున్నంత కాలం ఈ సంగతి మనకు తెలియనే తెలియదు.

కాలేయం దెబ్బతిని పైత్యరసం దారి మూసుకుపోతే ఆ పదార్థం బయటికి పోదు. రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది, చర్మం కిందికి చేరుతుంది. దానికి ఒక గుణం ఉంది: వెలుతురు తగిలితే రగులుతుంది. చుట్టూ ఉన్న చర్మపు కణాలను చంపేస్తుంది. వెలుతురు అంటున్నాను, వేడి అనడం లేదు. గాడిపొయ్యి పక్కన కట్టినా ఈ పుండు రాదు. చల్లగా మబ్బు పట్టిన పగలు కూడా రావచ్చు.

ఇక్కడే తోలు రంగు అడ్డం వస్తుంది. నల్లటి చర్మంలో ఉండే రంగు పదార్థం వెలుతురును పైనే ఆపేస్తుంది. దట్టమైన వెంట్రుకలూ కొంత ఆపుతాయి. తెల్లమచ్చ కింద చర్మం గులాబీ రంగులో ఉంటుంది, దానికి గొడుగు లేదు. అందుకే తెల్లమచ్చలు, ముట్టె, కంటి రెప్పలు, చెవులు, పొదుగు, చన్నులు, తోక కింది భాగం ముందు కాలుతాయి. గొర్రెలకైతే ముఖమూ చెవులూ వాస్తాయి.

నల్లతోలు దాచిపెడుతుంది

ఇది చదివి, "అయితే నల్ల పశువునే కొంటే సరి" అనుకునేవారు ఉంటారు. ఆ బర్రె సంగతి గుర్తు తెచ్చుకోండి. విషం రెండింటికీ ఒకటే, కాలేయం రెండింటికీ ఒకటే. తెల్లమచ్చ ఆవు తన తోలు మీద రాసి మనకు చూపించింది. బర్రెకు ఆ అవకాశం లేదు, నల్లతోలు దాని జబ్బును దాచేసింది. మందలో ఒక తెల్లమచ్చ పశువుకు తోలు లేచిందంటే, దానితో కలిసి మేసిన నల్ల పశువులన్నిటినీ ఆ పూటే చూడాలి. ఎండ దెబ్బ అనుకుంటే ఆ ఒక్క ఆవునే చూస్తాం. మేత దెబ్బ అనుకుంటే మంద మొత్తాన్ని చూస్తాం. పేరు మారితే నాలుగు పశువులు బతుకుతాయి.

మన ఒంగోలు జాతిని చూడండి. వెంట్రుక తెలుపే గాని ముట్టె నలుపు, కంటి రెప్పల చుట్టూ నలుపు. వెంట్రుక పాయ తీసి చూస్తే కింద చర్మంలోనూ నలుపు ఛాయ కనిపిస్తుంది. మండే ఎండలో దుక్కి దున్నిన జాతికి అది పుట్టుకతో వచ్చిన గొడుగు. కానీ ఆ జాతికీ మేత తప్పితే తిప్పలే. మన ఒంగోలు పశువులు బ్రెజిల్ దేశానికి పోయి అక్కడ నెలోర్ అన్న పేరుతో లక్షల మందలయ్యాయి. మన నెల్లూరు పేరే అది. అక్కడ బ్రాకియేరియా అనే గడ్డి బీళ్లలో మేసే ఆ జాతి దూడలకు ఇదే తీరున కాలేయం చెడి, వెలుతురుకు తోలు లేవడం అక్కడి పశువైద్యులకు బాగా తెలిసిన సంగతి. గొడుగు మంచిదే. ఇల్లు లోపల అంటుకుంటే గొడుగు ఏం చేస్తుంది?

లంపీకీ దీనికీ తేడా

2019లో మన దేశంలోకి వచ్చిన లంపీ స్కిన్ వ్యాధి 2022లో రాజస్థాన్, గుజరాత్ లాంటి రాష్ట్రాల్లో మందలకు మందలను దెబ్బతీసింది. అప్పటి నుంచి తోలు మీద ఏది కనిపించినా లంపీ అనడం అలవాటైంది. తేడా చెప్పడం కష్టం కాదు. లంపీలో జ్వరం వస్తుంది, ఒళ్లంతా గట్టి గడ్డలు లేస్తాయి. నలుపూ తెలుపూ అని చూడదు. మేత విషంలో గడ్డలుండవు. తెల్లచోట్లే ఎర్రబడి, వాచి, తర్వాత అట్టలా లేస్తుంది. అనుమానం ఉంటే డాక్టరే తేల్చాలి.

తోలు లేవకముందే కనిపించే గుర్తులు ఇంకా ముఖ్యం. ఆకు తిన్న ఒకటి రెండు రోజుల్లోనే పశువు మేత మానేస్తుంది. నెమరు ఆగుతుంది. పేడ గట్టిపడి ముద్దలుగా పడుతుంది. పాలు ఒక్కసారిగా దిగిపోతాయి. కంటి రెప్ప తిప్పి చూస్తే పసుపుగా ఉంటుంది, కామెర్లన్నమాట. పశువు ఎండలో నిలబడలేక నీడ కోసం వెతుక్కుంటుంది. ఈ గుర్తులు నల్ల పశువులోనూ ఉంటాయి, తోలు తప్ప.

వెంటనే చేయాల్సినవి ఇవి. పశువును పగలు చీకటి కొట్టంలో కట్టండి. చెట్టు నీడ చాలదు. పచ్చమేత ఆపండి, పచ్చదనమే ఇప్పుడు దానికి శత్రువు. జొన్న చొప్ప, వరిగడ్డి, చల్లటి నీళ్లు పెట్టండి. డాక్టరుకు కబురు చేస్తూ, "లాంటానా తిన్నట్టుంది" అని ముందే చెప్పండి. పెద్దపొట్ట ఆగిపోయి ఉంటుంది కాబట్టి తిన్న ఆకు అందులోనే ఉండి రోజుల తరబడి విషం ఊరుతుంది. దాన్ని పట్టి ఉంచడానికి యాక్టివేటెడ్ చార్కోల్ అనే మందు బొగ్గును గొట్టంతో పొట్టలోకి పంపుతారు. సెలైన్ ఎక్కిస్తారు. మొదటి రెండు మూడు రోజుల్లో జరిగే వైద్యానికీ, వారం తర్వాత జరిగే వైద్యానికీ చాలా తేడా ఉంది.

చేయకూడనివి కూడా చెప్పాలి. మత్తుగా ఉన్న పశువుకు తల ఎత్తిపట్టి గొట్టంతో నాటుమందు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే దానితోనే చస్తుంది. పుండ్ల మీద ఇంజిన్ ఆయిలు పూయకండి. ఈగలు వాలకుండా, పురుగు పట్టకుండా డాక్టరు ఇచ్చిన మందు రాయండి. ఆ పూత పుండుకే గాని జబ్బుకు కాదు.

మన ఒంటికీ ఇదే లెక్క

పశువుల పేజీలో మనుషుల సంగతి ఎందుకంటారా? తిండిలో లోపాన్ని ఎండ బయటపెట్టడం మన ఒంటి మీద కూడా ఉంది. దారి వేరు, తీరు అదే. పైగా అది మన ప్రాంతం జబ్బు.

జొన్నసంగటి, జొన్నరొట్టె తప్ప పక్కన ఏమీ లేని కరువు రోజుల్లో పెద్దవాళ్లకు చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ హారం వేసినట్టు తోలు నల్లబడి, మందంగా మారి, పగిలేది. రవిక కప్పిన చోట ఉండదు. ఎండ తగిలిన చోటే. దాంతో పాటు నీళ్ల విరేచనాలు, మనిషి మతి తప్పినట్టు ఉండడం. దీని పేరు పెల్లాగ్రా. ఒంటికి నయాసిన్ అనే బి విటమిన్ చాలనప్పుడు వస్తుంది. 1735లో స్పెయిన్ దేశంలో మొక్కజొన్న మీదే బతికే పేదల్లో కాసల్ అనే డాక్టరు దీన్ని గుర్తించాడు. మెడ చుట్టూ వచ్చే ఆ పట్టీని ఇప్పటికీ కాసల్ హారం అంటారు.

మన దక్కన్‌లో అది మొక్కజొన్న తినేవారికి కాక జొన్న తినేవారికి ఎందుకొస్తోంది అన్న ప్రశ్నను హైదరాబాదులోనే పరిశోధించారు. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థకు అప్పటి పేరు న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్. అక్కడి డాక్టర్ సి.గోపాలన్, డాక్టర్ ఎస్.జి.శ్రీకాంతియా 1960లో, జొన్నలో లూసిన్ అనే అంశం ఎక్కువగా ఉండడం దీనికి ఒక కారణమని చెప్పారు. ఆ మాట మీద తర్వాత శాస్త్రవేత్తల్లో వాదాలు నడిచాయి. వాదం లేని సంగతి ఒకటుంది: జొన్న ఒక్కటే తిన్నవారికి వచ్చింది గాని, జొన్నతో పాటు పప్పు, పాలు, గుడ్డు, మాంసం దొరికినవారికి రాలేదు.

కాబట్టి జొన్నను తిట్టకండి. జొన్న మంచి తిండి, ఒంటరి జొన్నే చెడ్డది. మన వేరుశనగలో నయాసిన్ పుష్కలంగా ఉంది. పండించిన కాయలన్నీ మార్కెట్ యార్డుకు తోలి, ఇంట్లో ఉత్త కారంతో రొట్టె తినడం మన రైతు చేసుకునే అన్యాయం. ఇంటికి రెండు బస్తాలు ఉంచుకోండి.

ఈ జబ్బు ఇప్పుడు అరుదు. పూర్తిగా పోలేదు. రోజూ సారా, బ్రాందీ తాగి అన్నం మానేసినవారిలో కనిపిస్తుంది. టీబీ బిళ్లలు మింగుతూ సరిగా తిననివారిలోనూ రావచ్చు. అలాంటివారి రెండు చేతుల మీద ఒకే తీరుగా తోలు నల్లబడి పగిలితే, "ఎండలో పని కదా" అని వదిలేయకండి, డాక్టరుకు చూపించండి. టీబీ మందు మాత్రం సొంతంగా మానకండి. వయ్యారిభామ తగిలి వచ్చే దురద వేరు, ఇది వేరు. పట్నంలో అమ్మే క్రీములు దీనికి మందు కాదు.

ఎవరు ఏం చేయాలి

ఇప్పుడు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మెట్ట మండలాల్లో అప్పులిచ్చి సంకరజాతి ఆవులు కొనిపించేటప్పుడు రోజుకు ఎన్ని లీటర్లు ఇస్తుందో చెబుతున్నారు, వాయిదా ఎంతో చెబుతున్నారు. దాని తెల్లతోలు సంగతి చెప్పడం లేదు. పగలు కట్టేయడానికి కొట్టం ఉందా, పచ్చగడ్డి ఏడాదిలో ఎన్ని నెలలు ఉంటుంది, ఊరి బీడులో ఏ కంప పెరిగింది అని అడగకుండా ఆవును ఇంటికి తోలితే, రైతుకు ఇచ్చింది ఆవు కాదు, అప్పు. అప్పు కాగితంతో పాటు ఈ మూడు ప్రశ్నలకూ జవాబు రాయించుకోవాలి.

ఊరి బీడు సంగతి పంచాయతీది. కూలీ డబ్బుతో గుంతలు తీసి పూడ్చే బదులు, ఉపాధి పనుల కింద మేత పోరంబోకులో లాంటానా తీయించాలి. పైకి నరికితే మళ్లీ చిగురిస్తుంది. పళ్లు పండకముందే మొదలును నేల కింద వేరు దగ్గర కొట్టి తీయాలి. తీసిన చోట వెంటనే గడ్డి విత్తనం చల్లాలి, లేకపోతే మరుసటి ఏడు అదే కంప వస్తుంది. నరికిన కొమ్మలు పశువులకు అందేచోట పడేయకూడదు. ఎండిన ఆకులోనూ విషం ఉంటుంది.

ఇక రైతు సోదరులకు. అక్కడే పుట్టి పెరిగిన పశువు లాంటానాను మామూలుగా ముట్టుకోదు. కొత్తగా కొనితెచ్చిన పశువు, ఆకలితో ఉన్న పశువు ముడుతుంది. చిక్కంతా ఆకలిలో ఉంది. ఏప్రిల్, మే నెలల్లో బీడంతా ఎండిపోయి ఆ కంప ఒక్కటే పచ్చగా ఉన్నప్పుడు ఖాళీ కడుపుతో తోలకండి. ఇంటి దగ్గర నాలుగు కట్టల చొప్ప వేసి, నీళ్లు తాగించి తోలండి. కొత్త పశువును కొన్నాళ్లు కట్టేసి మేపండి. నాలుగు కట్టల చొప్ప ఖరీదు ఎంతో మీకు తెలుసు, ఆవు ఖరీదూ తెలుసు.

మొన్న మళ్లీ ఆ ఊరికి వెళ్లాను. ఆ రైతు ఇంటి ముందు చింతచెట్టు కింద ఖాళీగా ఉంది. వాయిదాలు ఇంకా కడుతున్నాడు. ఎదురింటివాళ్లు మాత్రం ఇంకో బర్రెను తెచ్చుకున్నారు. సాయంత్రం బీడు నుంచి రాగానే ఆ ఇంటి ముసలామె దాని కంటి రెప్ప తిప్పి చూస్తోంది. "నలుపుది కదా నాయనా, నోరు తెరిచి చెప్పదు" అంది. ఆ పని మీ ఇంట్లో కూడా ఈ సాయంత్రమే మొదలుపెట్టండి.